మొదటిసారి డార్మ్‌లో ఉండబోతున్నా: ఏవి నిజమైన భయాలు, ఏవి ఉత్తవి?

కొత్తసంచి
మొదటిసారి ఒక్కదాన్నే తిరగడానికి వెళ్తున్నాను. హోటల్ గదులు తీసుకుంటే ఉన్న డబ్బంతా పడకకే అయిపోతుంది, అందుకని హాస్టళ్లు చూస్తున్నా. అన్నిటికంటే తక్కువలో దొరుకుతున్నది ఎనిమిది మంచాల మిక్స్‌డ్ డార్మ్, అంటే ఆడా మగా కలిసి పడుకునే గది.

నా భయాలు దాచుకోకుండా చెప్పేస్తా. సామాను పోతుందేమో. పక్క మంచంలో ఎలాంటి మనిషి ఉంటాడో. నల్లులు. గురక. ఒక వీడియోలో తాళం, గొలుసు, తలుపు కింద పెట్టే అలారం, దొంగలను ఏమార్చే ఉత్తుత్తి పర్సు, నడుముకు కట్టుకునే సంచి, అబ్బో, కొనాల్సినవి చెప్పుకుంటూనే పోయారు. అవన్నీ కొనేసరికి హోటల్ గదే చౌక అనిపించింది. వాటిలో నిజంగా ఏవి కావాలి? ఇంకోటి, డార్మ్‌లో హాయిగా ఉండొచ్చా, లేక డబ్బు మిగులుతుంది కదా అని ఓర్చుకోవడమేనా?

తాళంచెవి
తాళం ఒక్కటి కొనండి. మిగతావి ఆ వీడియో చేసినాయన దగ్గరే ఉండనివ్వండి. నంబర్ల తాళమైతే చెవి పోతుందన్న టెన్షన్ ఉండదు. మరీ లావు కమ్మీ ఉన్నది కొనొద్దు, చాలా లాకర్ల గొళ్లెంలో దూరదు. తలుపు కింద పెట్టే అలారం ఎనిమిది మంది వచ్చిపోయే గదిలో దేనికి? మొదటి గంటలోనే దాన్నీ మిమ్మల్నీ కలిపి బయట పెడతారు.

లాకర్ ఉందా అని కాదు, ఎంత ఉందో అడగండి. కొన్నిచోట్ల పెద్ద సంచి మొత్తం పడుతుంది. కొన్నిచోట్ల ఫోనూ పర్సూ పెడితే నిండిపోతుంది. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కిటికీపక్క
తాళం కంటే ముందు బుకింగ్ సంగతి. రేటింగ్ అంకె చూసి పొంగిపోకండి. కొత్త రివ్యూలు పైకి వచ్చేలా పెట్టుకుని, తక్కువ మార్కులు వేసినవి మాత్రం చదవండి. షవర్‌లో నీళ్లు సన్నగా వస్తున్నాయని ఏడ్చినవాళ్లను వదిలేయండి. "చెప్పినా రిసెప్షన్‌లో పట్టించుకోలేదు" అని ఇద్దరు ముగ్గురు వేర్వేరు నెలల్లో రాసి ఉంటే మాత్రం అటువైపు చూడకండి. నల్లి ఏ హాస్టల్‌కైనా వస్తుంది, దొంగ ఎక్కడైనా పడతాడు. ఆ తర్వాత వాళ్లేం చేశారన్నదే చూడాల్సింది.

బుక్ చేసే ముందు ఒక మెసేజ్ పెట్టండి: "నేను అర్ధరాత్రి దాటాక దిగుతాను, తలుపు ఎవరు తీస్తారు?" మీరు పగలే వెళ్తున్నా సరే, అడగండి. జవాబు ఎలా వచ్చిందో చూస్తే ఆ హాస్టల్ ఎలాంటిదో సగం తెలిసిపోతుంది.

గురకరాయుడు
నా పేరు చూశారుగా. మీ నాలుగో భయం నేనే.

బద్ధకంబండి
@గురకరాయుడు నయం, ఒప్పుకున్నావు. పొద్దున్నే లేచి "రాత్రి ఎవరండీ ఆ గురక, నాకసలు నిద్రే లేదు" అనే బాపతు కాదు.

లెక్కలమాస్టారు
అందరూ సామాను గురించే చెబుతున్నారు. పోతే సామానేగా పోయేది. నేను గదిలో సంచి దించగానే చూసేది బయటికి వెళ్లే దారి.

2000 జూన్‌లో ఆస్ట్రేలియాలోని చిల్డర్స్ అనే చిన్న ఊళ్లో ఒక బ్యాక్‌ప్యాకర్ల హాస్టల్ అర్ధరాత్రి దాటాక తగలబడింది. 15 మంది చనిపోయారు. ఎక్కువమంది వేరే దేశాల నుంచి వచ్చి తోటల్లో పని చేసుకుంటూ తిరుగుతున్న కుర్రకారు. మంట ఒకడు కావాలని పెట్టిందే. కానీ అలారం పనిచేయకుండా ఆపేసి ఉంది. ఒక గదిలో కిటికీలకు ఊచలు ఉన్నాయి, బయటికి వెళ్లే తలుపుకు బంక్ మంచం అడ్డంగా ఉంది. నిప్పు పెట్టినవాడిని మనం ఆపలేం. ఊచలూ, అడ్డం పెట్టిన మంచమూ మాత్రం గదిలోకి వెళ్లగానే ఎవరి కంటికైనా కనిపించేవే.

అందుకని చేయాల్సిందేమిటంటే, మీ మంచం దగ్గర నుంచి మెట్లదాకా ఒకసారి నడవండి. మధ్యలో ఎన్ని తలుపులు వచ్చాయో లెక్కపెట్టుకోండి. పొగ నిండితే కళ్లు పనికిరావు, చేత్తో గోడ తడుముకుంటూ వెళ్లాలి, అప్పుడు ఆ లెక్కే దారి. రెండో దారి తలుపుకు తాళం వేసి ఉందేమో తోసి చూడండి. పైకప్పున పొగ అలారం ఉందా, ఉంటే దానికి ఎవరైనా కవరు చుట్టారా అన్నది చూడండి. గదిలో సిగరెట్ కాల్చుకోవడానికి అలాంటి ఘనకార్యం చేసేవాళ్లు ఉంటారు. రెండో తలుపు బయట గొలుసు కట్టి ఉందంటే అక్కడ ఒక్క రాత్రి కూడా ఉండొద్దు, కట్టిన డబ్బు పోయినా సరే.

మూటాముల్లె
మాస్టారూ, పాపం గురక గురించి అడిగితే అగ్నిప్రమాదం దాకా తీసుకెళ్లారు. ఆవిడ టికెట్ రద్దు చేసుకుంటే మీదే బాధ్యత. నేను ఇన్నేళ్లుగా తిరుగుతున్నా, ఒక్కచోట కూడా తలుపులు లెక్కపెట్టలేదు. అందరూ ఇలా భూతద్దం పెట్టుకుని తిరిగితే ఇక సరదా ఏముంటుంది?

లెక్కలమాస్టారు
@మూటాముల్లె రెండు నిమిషాల పని. ఆ తర్వాత రాత్రంతా ఆ సంగతే గుర్తురాదు. మీరు చెప్పే సరదా మొదలయ్యేది అక్కడి నుంచే.

అర్ధరాత్రిరైలు
నేను మాస్టారి పక్షం. దానికి ఇంకోటి కలుపుతా. ఫోను, పవర్ బ్యాంక్ దిండు కింద పెట్టి చార్జింగ్ పెట్టకండి. దుప్పటి కింద వేడి బయటికి పోదు, లిథియం బ్యాటరీకి అదే చేటు. ఒక డార్మ్‌లో ఒకే సాకెట్‌కు ఒకదానికొకటి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు చూశాను, అన్నిటికీ చివర ఎవరిదో హెయిర్ డ్రయర్. రిసెప్షన్‌లో చెప్తే వెంటనే వచ్చి తీసేశారు. చెప్పేదాకా ఎవరికీ పట్టలేదు, అదీ విషయం.

నీలిగొడుగు
ఒక్కదాన్నే అన్నారు కాబట్టి నేను చెబుతా, మగవాళ్లకు ఇది తట్టదు. ఆడవాళ్ల డార్మ్ దొరికితే మొదటి రెండు రాత్రులకు అదే తీసుకోండి. మిక్స్‌డ్ డార్మ్ అంటే ప్రమాదమని కాదు. నేను రెండిట్లోనూ ఉన్నా, మిక్స్‌డ్‌లో చాలావరకు ఎవరి గోల వాళ్లదే. కానీ కొత్త ఊరు, కొత్త భాష, దిగీదిగగానే అలసట. బట్టలు మార్చుకోవడానికి కూడా బాత్రూమ్‌కు పరుగెత్తాలా అన్న ఆలోచన ఒకటి తగ్గుతుంది.

దీనికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. గదిలో ఎవరైనా ఇబ్బందిగా అనిపిస్తే వాళ్లు ఏదో చేసేదాకా ఆగకండి. ఋజువు అక్కర్లేదు, కథ చెప్పాల్సిన పనీ లేదు. రిసెప్షన్‌కు వెళ్లి "నాకు వేరే గదిలో మంచం కావాలి" అంటే చాలు. ఒకసారి నా పక్క మంచం ఆయన నేను ఎప్పుడు వస్తున్నానో, ఎప్పుడు పోతున్నానో, రేపు ఏ బస్సుకు వెళ్తానో ఆరా తీస్తున్నాడు. అడగడం తప్ప ఏమీ చేయలేదు. కిందకు వెళ్లి మంచం మార్చమన్నాను. కౌంటర్‌లోని అమ్మాయి ఎందుకని కూడా అడగలేదు, కొత్త తాళంచెవి చేతిలో పెట్టి సంచి మోయడానికి వెంట వచ్చింది. ఆయన నిజంగా ఎలాంటివాడో నాకిప్పటికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మర్యాద పోతుందేమోనని మనం ఊరికే సర్దుకుపోతాం చూడండి, ఆ అలవాటు ఇంట్లోనే వదిలేసి బయలుదేరండి.

సగంమ్యాప్
నీలిగొడుగు గారి రెండో మాట నూటికి నూరుపాళ్లు నిజం. మొదటిదానికి మాత్రం ఒప్పుకోను. ఆడవాళ్ల డార్మ్‌లో ప్రశాంతంగా ఉంటుందని ఎవరు చెప్పారు? నేనున్న ఒకదానిలో పన్నెండు మంచాలు, తెల్లవారుజామున నాలుగింటి నుంచి సూట్‌కేసుల జిప్పుల మోత. ఆడా మగా కాదు, మంచాల లెక్క చూడండి. నాలుగు, ఆరు మంచాల గదులు వేరు. పది దాటితే అది గది కాదు, ప్లాట్‌ఫారం.

నీలిగొడుగు
@సగంమ్యాప్ ప్రశాంతత అని నేనెక్కడన్నాను తల్లీ. బట్టలు మార్చుకునే సంగతి చెప్పాను. జిప్పుల మోత ఎక్కడైనా తప్పదు.

కొత్తసంచి
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. మాస్టారి పోస్టు చదివి భయం వేయలేదు, చిత్రంగా కాస్త తేలికపడ్డాను. చేయగలిగిన పని ఒకటి తెలిసింది కదా.

ఇంకో రెండు ప్రశ్నలు. పై మంచమా, కింది మంచమా? ఒక హాస్టల్ రూల్స్‌లో "పాస్‌పోర్ట్ డిపాజిట్‌గా ఇవ్వాలి" అని ఉంది. ఇవ్వచ్చా?

తాళంచెవి
పాస్‌పోర్ట్ చూపించండి, కాపీ తీసుకోనివ్వండి, అక్కడే నిలబడి వెనక్కి తీసుకోండి. బస చేసినవాళ్ల వివరాలు నమోదు చేయాలని చాలా దేశాల్లో రూలుంది, కాబట్టి అడగడంలో తప్పు లేదు. డ్రాయర్‌లో వేసి ఉంచుకుంటామంటేనే తేడా. దాని బదులు డిపాజిట్ డబ్బు ఇస్తానని చెప్పండి, ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంకో హాస్టల్. రాత్రికి రాత్రి ఆ ఊరు వదిలి వెళ్లాల్సి వస్తే మీ పాస్‌పోర్ట్ తాళం వేసిన డ్రాయర్‌లో, ఆ తాళం ఇంటికెళ్లి నిద్రపోతున్నవాడి జేబులో ఉంటుంది.

కాపీలు రెండు చేసుకోండి. ఒకటి కాగితం మీద, సంచిలో వేరే అరలో. ఒకటి మెయిల్‌లో. కార్డులు రెండుంటే రెండూ ఒకే పర్సులో పెట్టకండి.

బద్ధకంబండి
కింది మంచం. ఎందుకంటే నేను బద్ధకం బండిని. రాత్రి బాత్రూమ్‌కు లేస్తే నిచ్చెన మెట్లు అరికాళ్లను ఎలా కోస్తాయో పైన పడుకున్నవాళ్లకే తెలుసు.

నీలిగొడుగు
కింది మంచమే, కారణం వేరు. సామాను చేతికందుతుంది. పై మంచం బద్దకు ఒక పల్చటి చున్నీయో తువ్వాలో వేలాడదీస్తే కర్టెన్ అయిపోతుంది. కర్టెన్లున్న మంచాలు దొరికితే ఇంకా మంచిది, ఈమధ్య చాలా హాస్టళ్లలో వస్తున్నాయి. ఒకాసాలో 1979లో మొదటి క్యాప్సూల్ హోటల్ కట్టినప్పుడు వింతగా చూశారట. ఇప్పుడు డార్మ్‌లు కూడా ఆ దారే పడుతున్నాయి, మనకు మంచిదే.

అర్ధరాత్రిరైలు
ఒకాసా కాదండీ, ఒసాకా 🙂 కురొకావా అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేశాడు. మిగతాదంతా కరెక్టే. నేను మాత్రం పై మంచమే అంటా. కింద పడుకుంటే దారినపోయే ప్రతివాడూ మన మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటాడు.

నీలిగొడుగు
ఫోన్ టైపింగ్‌ను నమ్మితే ఇంతే.

చీమలదండు
నల్లుల గురించి ఇంతవరకు ఎవరూ సరిగా చెప్పలేదు. నాకు ఈ విషయంలో పిచ్చి అని ఇంట్లో అంటారు, కానీ వినండి.

గదిలోకి వెళ్లగానే సంచి మంచం మీద పెట్టకండి. నేల మీద కూడా వద్దు. బాత్రూమ్ పలకల మీద పెట్టి వచ్చి, ఫోన్ టార్చ్ వేసి మంచం చూడండి. దుప్పటి తల వైపు మూల నుంచి ఎత్తండి. పరుపు అంచు వెంట తాడులా గుండ్రంగా కుట్టి ఉంటుంది కదా, దాన్ని గోరుతో పక్కకు ఒత్తి లోపలికి చూడాలి. పెన్నుతో చుక్క పెట్టినట్టు నల్లటి మచ్చలు, ఎండిన తుప్పు రంగు మరకలు, పల్చటి పసుపురంగు పొట్టు, ఇవే గుర్తులు. పెద్ద నల్లి యాపిల్ గింజంత ఉంటుంది, కంటికి బాగానే కనిపిస్తుంది. తర్వాత మంచం చట్రం కీళ్లు, స్క్రూల సందులు, తలవైపు బోర్డు వెనక చూడండి. పరుపులోనే కాదు, మంచం చెక్కలో కూడా దాక్కుంటాయి. ఇనుప మంచమైతే సందులు తక్కువ, చూడటం తేలిక.

కనిపిస్తే ఫొటో తీసి రిసెప్షన్‌కు చూపించండి. అదే గదిలో పక్క మంచం ఇస్తామంటే వద్దనండి, గోడకు ఆనుకుని ఉన్న గది కూడా వద్దు.

కుట్టిన దద్దుర్లు చూసి మాత్రం నిర్ణయానికి రాకండి. కొందరికి దద్దురు తేలడానికి 14 రోజులదాకా పట్టొచ్చు. ఈ రోజు కనిపించింది పోయిన వారం ఉన్న హాస్టల్‌లో కుట్టినది కావచ్చు. పాపం, ఈ హాస్టల్‌కు ఒకే ఒక స్టార్ వేసి పోతారు.

మూటాముల్లె
@చీమలదండు పై మంచానికి ఎక్కవు కదా? ఇన్నాళ్లూ ఆ ధైర్యంతోనే పైన పడుకుంటున్నా.

చీమలదండు
అవి ఎగరలేవు, దూకలేవు. పాకడానికి మాత్రం పైనా కిందా ఒకటే. మీరు వదిలే ఊపిరి, ఒంటి వేడి పట్టుకుని వస్తాయి.

ఒక మంచి మాట కూడా చెబుతా. నల్లులు మనుషులకు రోగాలు అంటిస్తాయని తేలలేదు. దురద, చిరాకు, నిద్రలేమి, ఇంతే. అసలు సమస్య ఇంటికి మోసుకురావడం. తిరిగి వచ్చాక బట్టలు డ్రయర్‌లో బాగా ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే గుడ్లతో సహా చస్తాయి. ఉతకడం కంటే ఆ వేడే ముఖ్యం.

మూటాముల్లె
ఎందుకడిగాను.

గురకరాయుడు
సరే, నా శాఖకు వద్దాం. గురక పెట్టేవాణ్ణి నేనే కాబట్టి మందు కూడా నేనే చెబుతా.

ఫోమ్ ఇయర్ ప్లగ్స్ కొన్న చాలామంది "పనిచేయలేదు" అంటారు. బటన్ నొక్కినట్టు చెవి బయట అంటించుకుంటారు మరి. శుభ్రమైన వేళ్లతో దాన్ని సన్నటి పుల్లలా గట్టిగా నలపండి. కుడి చెవికి పెట్టాలంటే ఎడమచేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగండి, అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది. గబుక్కున లోపలికి తోసి, అది ఉబ్బి నిండేదాకా ఇరవై ముప్పై సెకన్లు వేలితో పట్టుకోండి. సరిగ్గా కూర్చుంటే ఎదురుగా ఉన్నవాళ్లకు కనిపించదు, మీ గొంతు మీకే బావిలోంచి వచ్చినట్టుంటుంది. డబ్బా మీద 30 డెసిబెల్స్ అని రాసి ఉన్నా, సరిగా పెట్టకపోతే అందులో సగం కూడా రాదు.

కళ్లకు మాస్క్ కూడా. అర్ధరాత్రి లైటు వేసేవాడు ప్రతి గదిలో ఒకడు ఉంటాడు.

ఇక నేను చేసేది: గదిలోకి వెళ్లగానే అందరికీ ముందే చెప్పేస్తా, పక్కకు తిరిగి పడుకుంటా, మీకు ఇబ్బందైతే భుజం తట్టండని అంటా. డబ్బులు కాస్త ఉన్నప్పుడు సింగిల్ రూమ్ తీసుకుంటా. గురక ఉన్నవాళ్లు డార్మ్‌కు రాకూడదని ఒక థ్రెడ్‌లో ఎవరో రాశారు. మేమూ పేదవాళ్లమే బాబూ.

అర్ధరాత్రిరైలు
చెవులు మూసుకుంటే మాస్టారి ఫైర్ అలారం ఎలా వినిపిస్తుంది?

లెక్కలమాస్టారు
చాలావరకు వినిపిస్తుంది, అది గురక కంటే చాలా గట్టిగా మోగుతుంది. అనుమానముంటే దిండుకు ఆనే చెవికి పెట్టుకోకండి, పైకి ఉన్న చెవికి ఒక్కటి చాలు. నా అలారం కాదు, హాస్టల్‌ది.

కిటికీపక్క
శబ్దం మాట వచ్చింది కాబట్టి, గురక కంటే ఘోరమైనది ప్లాస్టిక్ కవర్లు. తెల్లవారుజామున చీకట్లో ఒకావిడ కవరు విప్పి, ఇంకో కవరులో పెట్టి, ఆ రెండూ కలిపి మూడో కవరులో పెట్టే కార్యక్రమం గంటసేపు నడుస్తుంది. గురక పాపం తెలియక చేసేది. ఇది తెలిసి చేసేది. ఉదయం త్వరగా వెళ్లేవాళ్లు రాత్రే సర్దుకోండి, పొద్దున వేసుకునే బట్టలు పైన పెట్టుకోండి, మిగతా సర్దుడు సంచి పట్టుకుని హాల్లోకి వెళ్లి చేసుకోండి. ఫోన్ అలారం వైబ్రేషన్‌లో పెట్టి దిండు పక్కన పెట్టుకోండి. స్నూజ్ నొక్కే హక్కు డార్మ్‌లో ఎవరికీ లేదు.

బద్ధకంబండి
నా మీద కక్ష కట్టి రాసినట్టుంది ఈ ఆఖరి వాక్యం.

అర్ధరాత్రిరైలు
పార్టీ హాస్టళ్ల సంగతి. వర్ణనలో "బార్", "పబ్ క్రాల్", "ఫ్రీ షాట్స్" అని కనిపిస్తే అక్కడ నిద్ర ఆశించకండి, అంతే. ఇష్టమైనవాళ్లు వెళ్లండి, నేనూ వెళ్తా. కానీ ఉచితంగా పోసే మందు జోలికి పోను. 2024 నవంబర్‌లో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ (విషపూరితమైన ఒక రకం ఆల్కహాల్) కలిసిన మందు తాగి ఆరుగురు విదేశీ టూరిస్టులు చనిపోయారని వార్తలు వచ్చాయి గుర్తుందా. వాళ్లలో 19 ఏళ్ల పిల్లలు కూడా ఉన్నారు. మిథనాల్‌ను రుచి చూసో వాసన చూసో పట్టుకోలేం. మొదట మామూలు మత్తులాగే ఉంటుంది, అసలు లక్షణాలు చాలాసార్లు 12 గంటల తర్వాత గానీ రావు. మర్నాడు చూపు మసకబారినా, కళ్ల ముందు మంచు కురుస్తున్నట్టున్నా, ఊపిరి ఎగబీల్చాల్సి వస్తున్నా అది హ్యాంగోవర్ అనుకుని పడుకోకండి. ఆసుపత్రికి పరుగెత్తండి, మిథనాల్ అనుమానం అని నోరు తెరిచి చెప్పండి. త్వరగా వెళితే వైద్యం ఉంది. మీ గదిలో ఎవరైనా పొద్దెక్కినా లేవకుండా అలా పడుంటే ఒకసారి పలకరించి చూడండి.

తాగాలనిపిస్తే మీ ముందు మూత తీసిన సీసా. బకెట్లలో కలిపి ఇచ్చేవి వద్దు.

మూటాముల్లె
ఇది నిజంగా తెలుసుకోవాల్సిన సంగతి, ఒప్పుకుంటా. కానీ ఈ థ్రెడ్ చదివినవాడు ఇల్లు కదలడు. ఆవిడ "హాయిగా" కూడా అని అడిగింది. ఎవరూ దాని జోలికే పోలేదు.

నేను చెబుతా. హాస్టల్‌కు వెళ్లేది మంచం చౌకని కాదు, వంటగది కోసం. సాయంత్రం ఏడింటికి హాస్టల్ వంటగదిలో నిలబడితే మాట కలపడానికి ప్రయత్నించక్కర్లేదు. "ఈ స్టవ్ ఎలా వెలిగించాలి" అని అడిగితే చాలు, పక్కవాడికి కూడా తెలియదు, ఇద్దరూ కలిసి మూడోవాణ్ణి అడుగుతారు, అక్కడితో ముగ్గురయ్యారు. నేను ఏ ఊళ్లో ఏం చూడాలో వెళ్లే ముందు చదవడం మానేశాను. నిన్న చూసి వచ్చినవాళ్లు అక్కడే ఉంటారు, ఏ బస్సు మోసమో, ఏ గుట్ట ఎక్కడం దండగో వాళ్లను మించి చెప్పేవాళ్లు లేరు. ఫ్రిజ్‌లో పెట్టేదానికి పేరూ, వెళ్లిపోయే తేదీ రాసి అంటించండి. రాసినా మాయమవుతుందనుకోండి, అది వేరే విషయం.

సగంమ్యాప్
ఇదే నాకు పడదు. హాస్టల్‌కు వచ్చినవాళ్లందరూ స్నేహాలు చేసుకోవాలని ఎందుకు? రోజంతా తిరిగి వచ్చాక మళ్లీ ఎక్కడి నుంచి, ఎన్నాళ్లు, తర్వాత ఎటు, ఇవే మూడు ప్రశ్నలు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక మూల పుస్తకం చదువుకుంటా, హాయిగా ఉంటుంది. కొత్తసంచి గారూ, మాట్లాడాలనిపించకపోతే మీలో ఏదో లోపం ఉందనుకోకండి.

మూటాముల్లె
@సగంమ్యాప్ ఎక్కడి నుంచి మీరు? ఎన్నాళ్లుంటారు? తర్వాత ఎటు?

సగంమ్యాప్
😐

నీలిగొడుగు
ఇద్దరూ కరెక్టే గానీ ఒక చిన్న సవరణ. మాట్లాడండి, తిరగండి, అన్నీ చేయండి. రేపు ఫలానా రైలుకు, ఫలానా హాస్టల్‌కు అన్న వివరం మాత్రం అప్పుడే పరిచయమైనవాళ్లకు చెప్పకండి. "ఇంకా అనుకోలేదు" అనే మాట ఎప్పుడూ నోట్లో ఉంచుకోండి. ఫొటోలు కూడా ఆ హాస్టల్ ఖాళీ చేశాకే పెట్టండి. ఇంట్లోవాళ్లకు మాత్రం అన్నీ తెలియాలి: హాస్టల్ పేరు, ఫోన్ నంబరు, ఎప్పుడు మారుతున్నారో.

లెక్కలమాస్టారు
స్నేహాల గొడవ మొదటి నుంచీ ఉన్నదే. ఈ హాస్టళ్ల ఆలోచన వచ్చింది రిచర్డ్ షిర్మాన్ అనే జర్మన్ బడిపంతులుకు. 1909లో పిల్లలను కాలినడకన విహారానికి తీసుకెళ్తుంటే గాలివాన పట్టుకుంది, ఆ రాత్రి ఒక ఊరి బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా పడి ఉండే బళ్లు నడిచి తిరిగే పిల్లలకు పడక ఎందుకు కాకూడదు అని ఆయనకు తట్టింది. 1912లో ఆల్టెనా అనే ఊరి కోటలో శాశ్వతంగా ఒక యూత్ హాస్టల్ వెలిసింది. దేశదేశాల సంఘాలు 1932లో ఆమ్‌స్టర్‌డాంలో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి.

చాలాకాలం అవి బడిలాగే నడిచాయి. రాత్రి ఇంతలోపు రావాలి, పగలు ఖాళీ చేయాలి, ఊడ్చడం తుడవడం మీ వంతు. ఇప్పటికీ కొన్నిచోట్ల మధ్యాహ్నం గదులు మూసేస్తారు, రాత్రి గేటు వేస్తారు. బుక్ చేసేముందు ఈ రెండు వేళలు చూసుకోండి. వయసు పరిమితి కూడా, పై వయసుకు గీత గీసే హాస్టళ్లు కొన్నున్నాయి, నన్ను ఒకచోట రానివ్వలేదు.

బద్ధకంబండి
బడిపంతులు కనిపెట్టినదాన్ని ఇంకో బడిపంతులు వివరిస్తున్నారు. మాస్టారూ, మిమ్మల్ని రానివ్వనిది వయసు వల్ల కాదు, వెళ్లీ వెళ్లగానే వాళ్ల తలుపులన్నీ తోసి చూసి ఉంటారు.

కొత్తసంచి
నవ్వలేక చచ్చాను. ఇదీ నా నిర్ణయం: మొదటి ఊళ్లో ఆరు మంచాల ఆడవాళ్ల డార్మ్, కింది మంచం కావాలని మెసేజ్ పెట్టాను. కిటికీపక్క గారు చెప్పిన ప్రశ్న మూడు హాస్టళ్లకు పంపితే ఒకరు గేటు కోడ్, మెట్ల ఫొటో, రాత్రి డ్యూటీ నంబరు పంపారు. ఒకరు "వెబ్‌సైట్ చూడండి" అన్నారు. ఒకరు ఇంకా పలకలేదు. తర్వాతి ఊళ్లు ఇప్పుడే బుక్ చేయడం లేదు, అక్కడ నచ్చకపోతే మార్చుకోవాలని.

తాళంచెవి
మంచి పని. మొదటి రెండు రాత్రులే కట్టండి, నచ్చితే పొడిగించుకోవచ్చు. ఒకేసారి వారం కట్టేస్తే నచ్చకపోయినా డబ్బు పోతుందని అక్కడే పడి ఉంటాం.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే ఒక సంగతి చదవండి. మనం దగ్గర లేనప్పుడు పోయిన వస్తువుకు డబ్బులు రావని చాలా పాలసీల్లో ఉంటుంది. మంచం మీద వదిలేసిన ల్యాప్‌టాప్ ఆ లెక్కలోకే వస్తుంది. లాకర్‌లో పెట్టి తాళం వేసినదాన్ని పగలగొడితే అది వేరు. ఎలా పోయినా పోలీసు రిపోర్టు అడుగుతారు, కొన్ని పాలసీలు 24 గంటల్లోపే కావాలంటాయి. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా ఫోనూ పాస్‌పోర్టూ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి వెంట తీసుకెళ్లండి, కిటికీపక్క గారు క్షమించాలి.

కిటికీపక్క
పగలైతే క్షమిస్తా.

చీమలదండు
స్నానం మాటొచ్చింది కాబట్టి, రబ్బరు చెప్పులు. అందరూ వాడే షవర్ నేల మీద వట్టికాళ్లతో నిలబడితే వేళ్ల సందుల్లో ఫంగస్ పట్టుకుంటుంది. తువ్వాలు తడిదే మడిచి సంచిలో కుక్కకండి.

పాతచెప్పులు
మధ్యలో దూరుతున్నా. రోజుకు కొన్ని గంటలు రిసెప్షన్‌లోనో దుప్పట్లు మార్చడానికో పని చేస్తే మంచం ఉచితంగా ఇస్తామనే హాస్టళ్లు ఉన్నాయి కదా. అలా వెళ్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది. ఎవరైనా చేశారా?

మూటాముల్లె
చేశా. భలే ఉంటుంది. కానీ పని గంటలు ముందే రాతలో తీసుకో తమ్ముడూ. "కాస్త సాయం" అని చెప్పి వారమంతా దుప్పట్లు మార్పించేవాళ్లున్నారు.

కిటికీపక్క
@పాతచెప్పులు వేరే దేశమైతే ముందు వీసా చూడు. జీతం ఇవ్వకపోయినా, మంచం ఇచ్చి చేయించుకునే పనిని కూడా చాలా దేశాలు ఉద్యోగంగానే లెక్కేస్తాయి, టూరిస్ట్ వీసా మీద అది కుదరదు. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో "హాస్టల్‌లో పనిచేస్తా" అని అమాయకంగా చెప్పిన ఒకతన్ని అటునుంచి అటే వెనక్కి పంపారు, నా వెనక వరసలోనే ఉన్నాడు. ఏ దేశమో చెప్పు, అక్కడి ఎంబసీ సైట్‌లో ఏం రాసి ఉందో చూద్దాం.

పాతచెప్పులు
దేశం ఇంకా అనుకోలేదు. అంటే నీలిగొడుగు గారు నేర్పిన జవాబు కాదు, నిజంగానే అనుకోలేదు. కొత్త థ్రెడ్ వేస్తా, అక్కడికి రండి.